ట్రాన్స్‌ఫర్, ట్రాన్స్‌పోర్ట్, ట్రాన్స్‌ఫార్మర్: ముందున్న ‘ట్రాన్స్’ సంగతి

దేవరకొండ నుంచి ఒక విద్యార్థి:
గ్రూపులో పెద్దలందరికీ నమస్తే. పోటీ పరీక్షలకు చదువుతున్నాను. ఇంగ్లీషులో ‘ట్రాన్స్’తో మొదలయ్యే మాటలు చాలా ఉన్నాయి. ట్రాన్స్‌ఫర్, ట్రాన్స్‌పోర్ట్, ట్రాన్స్‌మిట్ మూడింటికీ డిక్షనరీలో ‘చేరవేయు’ అనే ఉంది. ఎక్కడ ఏది వాడాలో తెలియక టెన్షన్ అవుతోంది. బట్టీ పట్టకుండా గుర్తుంచుకునే దారి ఉందా?

నల్లగొండ నుంచి ఒక ఇంగ్లీషు టీచర్:
ఉంది తమ్మీ. ‘ట్రాన్స్’ లాటిన్ మాట. ‘అవతలికి, దాటి’ అని అర్థం. దీనికి ఎదురు మాట ‘సిస్’, అంటే ‘ఇవతల’. రోమన్లు ఆల్ప్స్ కొండలకు తమ వైపున్న గాల్ ప్రాంతాన్ని సిసాల్పైన్ అని, కొండలకు అవతల ఉన్నదాన్ని ట్రాన్సాల్పైన్ అని అన్నారు. మన దగ్గర వనపర్తి వాళ్లకు గద్వాల ఉన్న నడిగడ్డ కృష్ణకు అవతల, గద్వాల వాళ్లకు వనపర్తి అవతల. నువ్వు ఏ ఒడ్డున నిలబడ్డావన్నదాన్ని బట్టి ట్రాన్స్ ఏదో తేలుతుంది. వనస్పతి గురించి చెప్పేటప్పుడు వినే ట్రాన్స్ ఫ్యాట్‌లో కూడా ఇదే లెక్క. కొవ్వు అణువులో రెండు హైడ్రోజన్లు ద్విబంధానికి చెరో పక్కన ఉంటే ట్రాన్స్, రెండూ ఒకే పక్కన ఉంటే సిస్.

ఇక నీ మూడు మాటలు. ట్రాన్స్ తర్వాత వచ్చే ముక్కను చూడు, తేడా అక్కడే ఉంది. ‘పోర్ట్’ అంటే మోయడం. పోర్టర్ మాట కూడా అందులోదే. కాబట్టి ట్రాన్స్‌పోర్ట్ అంటే బరువున్నదాన్ని, మనుషుల్ని బండి మీద చేర్చడం. మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం లారీల్లో పోతే అది ట్రాన్స్‌పోర్ట్. ‘మిట్’ అంటే పంపడం. పంపేవాడు పంపినచోటనే ఉంటాడు, పోయేది కరెంటు, సిగ్నల్, రోగం. డెంగీని దోమ ట్రాన్స్‌మిట్ చేస్తుంది, ట్రాన్స్‌పోర్ట్ చేయదు. ‘ఫర్’ కూడా మోయడమే కానీ, ట్రాన్స్‌ఫర్‌లో ముఖ్యం బరువు కాదు, చోటు లేదా హక్కు మారడం. ఉద్యోగం, భూమి పట్టా, ఖాతాలో డబ్బు, స్కూల్లో ఇచ్చే టీసీ, అన్నీ ట్రాన్స్‌ఫరే.

మనం ట్రాన్స్‌ఫర్‌కు వాడే ‘బదిలీ’ ఉర్దూ నుంచి వచ్చింది. ‘బదులు’ కూడా ఆ కుదురుదే. అందులో ‘ఒకదాని స్థానంలో ఇంకొకటి’ అన్న ఊహ ఉంది, ఒడ్డు దాటడం లేదు. అందుకే వ్యాధి ‘బదిలీ’ అయిందంటే మన చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడ ‘సోకింది, అంటుకుంది’ అంటాం.

మహబూబ్‌నగర్ నుంచి ఒక సభ్యుడు:
సార్, మా ఊళ్లో అందరూ ‘ట్రాన్స్‌ఫారం కాలింది’ అంటారు. తప్పా? ట్రాన్స్‌కో అంటే ట్రాన్స్‌ఫార్మర్ల కంపెనీయేనా?

టీచర్:
తెలుగులో మాట్లాడేటప్పుడు తప్పేం లేదన్నా, ఆ మాట ఊళ్లో స్థిరపడిపోయింది. ఇంగ్లీషులో రాసేటప్పుడు మాత్రం చూసుకోవాలి. ట్రాన్స్‌ఫార్మ్ అంటే రూపం మార్చడం, క్రియ. చివర ‘అర్’ చేరితేనే ఆ పని చేసే యంత్రం అవుతుంది. పొలం గట్టు మీది డబ్బా చేసేది అదే. 11,000 వోల్టులతో వచ్చిన కరెంటును 433 వోల్టులకు దించి మోటార్లకు ఇస్తుంది. వచ్చిందీ కరెంటే, పోయిందీ కరెంటే, వోల్టేజీ మారింది. ట్రాన్స్‌ఫార్మ్ అనే మాటను ఎక్కడ వాడినా ఈ డబ్బాను తలుచుకోండి. చొక్కా మార్చుకుంటే చేంజ్ చాలు. డిండి, కల్వకుర్తి వైపు బీడు భూములకు నీళ్లొచ్చి ఊరి బతుకే ఇంకో తీరు అయితే ట్రాన్స్‌ఫార్మ్.

ట్రాన్స్‌కోలో ఉన్నది ట్రాన్స్‌ఫార్మర్ కాదు, ట్రాన్స్‌మిషన్. 132, 220, 400 కిలోవోల్టుల పెద్ద లైన్ల మీద కరెంటును దూరాలకు పంపడం దాని పని. మన ఊళ్లకు, బావుల దగ్గరికి పంచేది డిస్కం. అందుకే దాని పేరులో డిస్ట్రిబ్యూషన్ ఉంటుంది.

వనపర్తి నుంచి ఒక సభ్యురాలు:
అన్నా, వ్యవసాయ శాఖ కాగితాల్లో వరి నాట్లను ట్రాన్స్‌ప్లాంటింగ్ అంటారు. ఆస్పత్రిలో కిడ్నీ మార్పిడినీ ట్రాన్స్‌ప్లాంట్ అనే అంటారు. రెండూ ఒకటేనా?

టీచర్:
ఒకటే అక్కా, పైగా మొదటిది పొలం పనే. తుకం పోసి, నారు ఎదిగాక పీకి, కట్టలు కట్టి, దమ్ము చేసిన మడిలో నాటుతారు కదా. ఒక మట్టిలో వేరు పట్టినదాన్ని ఇంకో మట్టిలో బతికించడం ట్రాన్స్‌ప్లాంట్. డాక్టర్లు ఆ మాటను తర్వాత తీసుకున్నారు. కొత్త ఒంట్లో కిడ్నీ పనిచేయడాన్ని ‘మార్పిడి’ చెప్పలేదు. ‘నాటు’ బాగా చెబుతుంది. వెదజల్లిన వరికి ఈ మాట వాడకూడదు, అక్కడ మొక్క చోటు మారలేదు.

అదే సభ్యురాలు:
ట్రాన్స్‌పరెంట్‌కు ‘పారదర్శకం’ అంటున్నాం. అందులో కూడా ‘దాటి’ ఉందా?

టీచర్:
ఉందక్కా. ఈ మాట దగ్గర నాకు ఎప్పుడూ ఆనందం కలుగుతుంది. సంస్కృతంలో ‘పార’మంటే అవతలి ఒడ్డు. విద్యలో ఆ ఒడ్డు ముట్టినవాడు పారంగతుడు, మొదటి నుంచి చివరి ఒడ్డు దాకా చదువుకుంటూ పోవడం పారాయణం. అవతల ఉన్నది కనిపించేది పారదర్శకం. లాటిన్ వాళ్ల ట్రాన్స్‌కు మన దగ్గర సరిజోడు ఈ ‘పార’మే. ట్రాన్స్‌లూసెంట్ వేరు. నూనె అంటిన కాగితంలా వెలుగు మాత్రమే దాటుతుంది, వస్తువు స్పష్టంగా కనబడదు.

ట్రాన్సాక్షన్‌లో ట్రాన్స్ అర్థం కొంచెం జరిగి ‘ఆసాంతం’ అయింది. పనిని చివరిదాకా నడిపి తెమల్చడం. అంగట్లో ‘బేరం తెగింది’ అంటామే, అదీ దాని అసలు భావం.

దేవరకొండ విద్యార్థి:
ట్రాన్స్‌లేషన్, ట్రాన్స్‌పైర్ కూడా చెప్పండి సార్. పేపర్లలో ట్రాన్స్‌పైర్ తెగ వాడుతున్నారు.

టీచర్:
ట్రాన్స్‌లేట్, ట్రాన్స్‌ఫర్ ఒకే లాటిన్ క్రియకు చెందిన రెండు రూపాలు. చర్చి వాళ్లు బిషప్‌ను ఒక పీఠం నుంచి ఇంకో పీఠానికి మార్చడాన్ని కూడా ట్రాన్స్‌లేట్ అనేవారు. మన ‘అనువాదం’లో దాటడం లేదు, ఒకరు అన్నదాన్ని వెంట అనడం ఉంది. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అది ట్రాన్స్‌లేషన్ కాదు, ట్రాన్స్‌లిటరేషన్. ఈ తేడా పరీక్షల్లో అడుగుతారు.

ట్రాన్స్‌పైర్‌లో ‘స్పైర్’ అంటే ఊపిరి. ఆకుల్లోంచి నీరు ఆవిరై బయటికి పోవడం ట్రాన్స్‌పిరేషన్, మన సైన్సు పుస్తకాల్లో బాష్పోత్సేకం. ఆవిరిలా గుట్టు బయటపడటం దాని రెండో అర్థం. మనం ‘విషయం పొక్కింది’ అంటాం చూడు, అది. విచారణలో ఫలానాది తేలింది అనడానికి ఈ మాట చక్కగా సరిపోతుంది. ‘నిన్న యాక్సిడెంట్ ట్రాన్స్‌పైర్ అయింది’ అని రాసేవాళ్లు ఉన్నారు, డిక్షనరీల్లో ఆ అర్థమూ ఉంది. నా మట్టుకు అక్కడ హ్యాపెన్ అని రాయడమే మేలనిపిస్తుంది.

స్పెల్లింగ్ ఒకటి చూసుకో తమ్మీ. తర్వాతి ముక్క ఎస్‌తో మొదలైతే చాలా మాటల్లో రెండు ఎస్‌లు కలిసి ఒకటే మిగులుతుంది. ట్రాన్స్‌పైర్, ట్రాన్స్‌క్రైబ్, ట్రాన్సెండ్ అట్లాంటివే. ట్రాన్స్‌ఫర్‌కు ఈడీ, ఐఎన్‌జీ చేరిస్తే ఆర్ రెండు వస్తాయి. ట్రాన్స్‌ఫరబుల్‌లో మాత్రం ఒకటే.