అప్‌డేట్: ‘వన్ ఆర్ట్’ గురించి అడిగింది నేనే

అమెరికన్ కవయిత్రి ఎలిజబెత్ బిషప్ కవిత ‘వన్ ఆర్ట్’ (1976) మీద పోయిన నెల ఒక ప్రశ్న అడిగాను. పోగొట్టుకోవడం పెద్ద కష్టమేమీ కాదని ఆమె నిజంగానే అంటోందా అని. ఎం.ఏ. సెమినార్ దగ్గరపడి టెన్షన్‌గా ఉన్న రోజులవి. మీలో చాలామంది ఒకటే చెప్పారు: పైకి చదువు, తిరిగి తిరిగి వచ్చే పాదాన్ని పట్టుకో.

అలాగే చదివాను. ఇది విలనెల్ (రెండు పాదాలు మళ్లీ మళ్లీ వచ్చే కవితారూపం) కాబట్టి 19 పాదాల్లో ‘పోగొట్టుకోవడం కష్టం కాదు’ అనే మాట నాలుగుసార్లు వస్తుంది. మూడుసార్లు ‘కష్టం కాదు’ అనే ఉంది. చివరిసారి మాత్రం ‘మరీ అంత కష్టం కాదు’ అయింది. ఇంగ్లిష్‌లో ‘టూ’ (మరీ) అనే ఒక్క చిన్న మాట చేరింది, అంతే. అప్పటిదాకా తాళంచెవులు, అమ్మ గడియారం, ఇళ్లు, నదులు, ఏకంగా ఒక ఖండం పోయినా తొణకని గొంతు, ‘నువ్వు’ అని పిలిచే ప్రియమైన మనిషి దగ్గరికి వచ్చేసరికి వణికింది.

ఇక ఆఖరి పాదం, అది ‘లైక్ డిజాస్టర్’ (విపత్తులా) కనిపించినా సరే అనే చోటు. ‘లైక్’ అన్నాక ఆగిపోయి, బ్రాకెట్లో ‘రాసెయ్!’ అని తనని తానే గదమాయించుకుని, మళ్లీ ‘లైక్’ అంటుంది. నోట్లోంచి రాని మాటను బలవంతంగా బయటికి లాగడం అది. నేను మొదట్లో ఆ రెండో ‘లైక్’ని అచ్చుతప్పు అనుకున్నాను!

ఈ కవితకి పదిహేడు చిత్తుప్రతులున్నాయని చెప్పినవారికి ప్రత్యేకంగా థాంక్స్. ఆ నిబ్బరం ఎంత కష్టపడి తెచ్చుకున్నదో అప్పుడు అర్థమైంది. సెమినార్‌లో ఆ రెండు ‘లైక్’ల గురించే పది నిమిషాలు మాట్లాడాను.