బ్లాక్ యారో రద్దు: పొదుపా, పొరపాటా?

తూనికరాయి:
బ్రిటన్ తన రాకెట్‌తో తన ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది ఒకే ఒక్కసారి. 1971 అక్టోబర్ 28న ఆస్ట్రేలియాలోని వూమెరా నుంచి బ్లాక్ యారో ఆర్3 ఎగిరి, 66 కిలోల ప్రాస్పెరోను పైకి చేర్చింది. తమాషా ఏంటంటే, అప్పటికి మూడు నెలల ముందే, జులై 29న, మంత్రి ఫ్రెడరిక్ కార్‌ఫీల్డ్ ఈ కార్యక్రమాన్ని మూసేస్తున్నట్టు పార్లమెంటులో చెప్పేశారు. 1964 నుంచి అప్పటిదాకా అయిన ఖర్చు సుమారు 90 లక్షల పౌండ్లు. నాలుగు ప్రయోగాలు, కక్ష్య చేరిన ఉపగ్రహం ఒక్కటి. పక్కనే అమెరికావాళ్ల స్కౌట్ రాకెట్ కొనుక్కోవడానికి సిద్ధంగా ఉంది. నన్నడిగితే మూసేయడమే సబబు. కాదనేవాళ్లు లెక్కతో రండి.

ఎనిమిది_గొట్టాలు:
లెక్కతోనే వస్తున్నా. 90 లక్షలను నాలుగుతో భాగించి "ఒక్కో ప్రయోగం ఇరవై రెండున్నర లక్షలు" అనడం చాలాచోట్ల చూశాను. డిజైన్, పరీక్షలు, పనిముట్లు, ప్రయోగవేదిక మార్పులు అన్నీ అందులోనే ఉన్నాయి. అయిదో రాకెట్‌కు అవి మళ్లీ పెట్టక్కర్లేదు. అయిదోది, ఆర్4, తయారయ్యే ఉంది, అది లండన్ సైన్స్ మ్యూజియానికి చేరింది. దాన్ని ఎగరెయ్యడానికి అయ్యే ఖర్చు వేరు, మొత్తం సగటు వేరు.

పోలికకు బ్రిటన్‌దే మరో రాకెట్ బ్లూ స్ట్రీక్‌ను చూడండి. అది క్షిపణిగా 1960 ఏప్రిల్ 13న రద్దయ్యేసరికే 6.5 కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయి. బ్లాక్ యారో మొత్తం దానిలో ఏడో వంతు!

ఇంత చవక ఎలా అయిందంటే, కొత్తగా కనిపెట్టింది తక్కువ. ఐల్ ఆఫ్ వైట్‌లో సాండర్స్-రో కంపెనీ చేసిన పాత పరీక్ష రాకెట్ బ్లాక్ నైట్ అప్పటికే 22 సార్లు ఎగిరింది. అదే ఇంధనం, అదే గామా ఇంజన్ల కుటుంబం. 85 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను వెండిపూత వేసిన నికెల్ వలల గుండా పంపితే క్షణంలో విడిపోయి దాదాపు 600 డిగ్రీల ఆవిరి, ఆక్సిజన్ వస్తాయి. అందులోకి కిరోసిన్ చిమ్మితే తనంతట తానే అంటుకుంటుంది. ముట్టించే పరికరం అక్కర్లేదు, ద్రవ ఆక్సిజన్‌లా గడ్డకట్టించే చలి గొడవ లేదు. మంట కూడా కంటికి సరిగా ఆనదు.

లెక్కలమాస్టారు:
చవక నిజమే, ఆ చవకకు కట్టిన మూల్యమేమిటో కూడా చెప్పండి. కిలో పెరాక్సైడ్ ద్రావణంలో పనికొచ్చే ఆక్సిజన్ 400 గ్రాములే. మిగతాది నీళ్లు. కిలో కిరోసిన్ పూర్తిగా మండాలంటే 3.4 కిలోల ఆక్సిజన్ కావాలి, అంటే ఎనిమిదిన్నర కిలోల పెరాక్సైడ్. నీళ్లను మోసుకుని ఆకాశానికెక్కుతున్నారన్నమాట. 13 మీటర్ల పొడవు, 18 టన్నుల బరువు ఉన్న రాకెట్ చివరికి మోయగలిగింది వంద కిలోల పైచిలుకు. 1970ల్లో టీవీ, టెలిఫోన్ ఉపగ్రహాలకు అది ఎక్కడ సరిపోతుంది?

పైగా పెరాక్సైడ్‌కు మడి ఎక్కువ. ట్యాంకులు శుద్ధ అల్యూమినియంవే ఉండాలి, రాగి తగలకూడదు, గొట్టంలో చిటికెడు తుప్పో దుమ్మో ఉన్నా అక్కడే విడిపోవడం మొదలై వేడెక్కుతుంది. నూలుబట్ట మీద పడి నానితే కాసేపటికి బట్టే అంటుకోవచ్చు. అందుకే పని జరిగేచోట నీళ్ల గొట్టం ఎప్పుడూ తెరిచే ఉంచేవాళ్లు.

అసలు ఖర్చు రాకెట్‌లో లేదు, ఖాళీగా కూర్చునే మనుషుల్లో ఉంది. మొదటి ప్రయోగం 1969 జూన్ 28, చివరిది 1971 అక్టోబర్ 28. సరిగ్గా 28 నెలల్లో నాలుగు. ఐల్ ఆఫ్ వైట్‌లో విడిభాగాలు కూర్చేవాళ్లు, కోవెంట్రీ దగ్గర ఆన్‌స్టీలో ఇంజన్లవాళ్లు, వెస్ట్‌కాట్‌లో మూడో దశ మోటారువాళ్లు, వూమెరాలో రాడార్లవాళ్లు. రాకెట్ ఎగిరినా ఎగరకున్నా జీతాలు ఆగవు. ఏడాదికి ఆరు ఎగిరితే గిట్టుతుంది. అన్ని ఉపగ్రహాలు బ్రిటన్ దగ్గర లేవు.

చుక్కానిలేనిపడవ:
మాస్టారూ, ఆ ఆరు ప్రయోగాలకు డబ్బివ్వంది ప్రభుత్వమే కదా! ఏడాదికి ఒకటో రెండో అని కట్టడి చేసి, ఆ తర్వాత "తక్కువగా ఎగిరింది కాబట్టి ఖరీదు" అంటే ఎలా? తిండి పెట్టకుండా బక్కచిక్కావేంటని అడిగినట్టుంది.

ఎనిమిది_గొట్టాలు:
విఫలమైన రెండింటి సంగతి కూడా చూద్దాం. రెండూ ఇంజన్ తప్పులు కావు. మొదటి దశలో ఎనిమిది దహన గదులు జంటలుగా ఉండేవి, ఒక్కో జంట పక్కకు ఊగి రాకెట్‌ను తిప్పేది. మొదటి ప్రయోగం ఆర్0లో ఒక జంటకు వెళ్లే విద్యుత్ అనుసంధానం చెడి, అది అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. రాకెట్ బొంగరంలా దొర్లుతుంటే నిమిషం దాటాక భద్రతాధికారి పేల్చేశారు. మూడోది ఆర్2లో రెండో దశ పెరాక్సైడ్ ట్యాంకుకు ఒత్తిడినిచ్చే వ్యవస్థలో లీకు. ఇంజన్ ముందుగానే ఆగి, కక్ష్యకు కావలసిన వేగం రాలేదు. ఒక తీగ, ఒక లీకు. ఇవి కొన్ని ప్రయోగాల్లో సర్దుకునే జబ్బులు. సర్దుకున్నాయి కూడా, ఆర్3 అందుకు సాక్ష్యం.

మనవైపు చూస్తే, శ్రీహరికోటలో ఎస్ఎల్‌వీ-3 కూడా నాలుగుసార్లే ఎగిరింది. 17 టన్నుల రాకెట్, 35 కిలోల రోహిణి. 1979 ఆగస్టు 10న మొదటిది సముద్రంలో పడింది, రెండో దశ నియంత్రణ వ్యవస్థలో కవాటం మూసుకోక ఆమ్లం కారిపోవడం వల్ల. 1980 జులై 18న కక్ష్య చేరింది. ఆ తర్వాత ఏఎస్ఎల్‌వీ రెండుసార్లు, 1993లో పీఎస్ఎల్‌వీ మొదటిసారి, అన్నీ దెబ్బతిన్నాయి. అయినా దుకాణం కట్టేయలేదు.

తూనికరాయి:
దానికి కారణం మనకు స్కౌట్ లాంటిది అమ్మేవాళ్లు లేకపోవడం. బ్రిటన్‌కు ఉన్నారు. నాసా ఉచితంగా ఎగరేస్తామంటే నమ్మి సొంతది ఆపేశారు, ఆపాక ఆ మాట తప్పారు అని కూడా విన్నాను.

గోపురంగంట:
ఆ ఉచితం కథ సగం కలగాపులగం అండి. 1962లో బ్రిటన్ ఉపగ్రహం ఏరియల్-1ను నాసా నిజంగానే సహకారంగా ఎగరేసింది. ఆ మాట వేరు. 1971లో కార్‌ఫీల్డ్ చెప్పింది స్కౌట్ చవక అని, ఉచితమని కాదు. బ్లాక్ యారోకు అనుకున్న తర్వాతి ఉపగ్రహం మిరాండా 1974 మార్చి 9న స్కౌట్ మీదే కాలిఫోర్నియా నుంచి వెళ్లింది.

ఇక బ్లూ స్ట్రీక్‌ను పూర్తిగా వృథా అనలేం. దాని ట్యాంకు గోడ స్టెయిన్‌లెస్ స్టీలు, అర మిల్లీమీటరు మందం. మన ఇంట్లో స్టీలు గ్లాసంత పలచన, కానీ మూడు మీటర్ల వెడల్పు. లోపల గాలి ఒత్తిడి లేకపోతే తన బరువుకే నలిగిపోతుంది, అందుకని రవాణాలో కూడా ఒత్తిడి తగ్గకుండా చూసేవాళ్లు. యూరప్ దేశాలు కలిసి చేసిన యూరోపా రాకెట్‌కు అదే మొదటి దశ, పైన ఫ్రాన్స్‌ది, ఆపైన జర్మనీది. 1964 జూన్ 5 నాటి తొలి పరీక్షలో చివర్లో ఇంధనం తొట్టిలో నీళ్లలా ఊగి ఇంజన్ కాస్త ముందుగా ఆగింది. తర్వాత అది తన పని తాను చేసింది. పైదశలు, మార్గదర్శక వ్యవస్థ మొరాయించి యూరోపా ఒక్క ఉపగ్రహాన్నీ పెట్టలేదు. 1971 నవంబర్ 5న దక్షిణ అమెరికాలోని కౌరూ నుంచి వెళ్లినదాంట్లో మార్గదర్శక కంప్యూటరు చెడింది. ప్రాస్పెరో వెళ్లిన ఎనిమిదో రోజది! నలుగురు చేసిన భాగాలను కూర్చి పరీక్షించే బాధ్యత ఒక్కరి చేతిలో లేకపోవడం అసలు జబ్బు. తర్వాతి యూరప్ రాకెట్ ఏరియేన్‌లో ఫ్రాన్స్ ఆ పెత్తనం పట్టుబట్టి తీసుకుంది.

చుక్కానిలేనిపడవ:
తూనికరాయి గారూ, "అమ్మేవాళ్లున్నారు" అన్నారు కదా. 2020లో బ్రిటన్ ప్రభుత్వం మన భారతీ సంస్థతో కలిసి ఉపగ్రహ ఇంటర్నెట్ కంపెనీ వన్‌వెబ్‌ను కొంది, తన వాటాగా 50 కోట్ల డాలర్లు పెట్టింది. 2022 మార్చిలో దాని 36 ఉపగ్రహాలు బైకనూరులో రష్యా రాకెట్ సోయుజ్ మీద ఎక్కాక, ప్రభుత్వం వాటా వదులుకోవాలని రష్యా షరతు పెట్టింది. ఒప్పుకోలేదు, ప్రయోగం ఆగింది. తర్వాత శ్రీహరికోట నుంచి 2022 అక్టోబర్ 23న 36, 2023 మార్చి 26న మరో 36 మన ఎల్‌వీఎం3 రాకెట్ మోసుకెళ్లింది.

లెక్కలమాస్టారు:
ఒప్పుకుంటా, అమ్మేవాడు మనసు మార్చుకోవచ్చు. కానీ వంద కిలోలు మోసే బ్లాక్ యారో ఉండి ఉంటే ఆ 36 ఉపగ్రహాలను ఎత్తేదా? 1971లో బతికించినా దాన్ని పెంచడానికి మళ్లీ బ్లూ స్ట్రీక్ స్థాయి డబ్బు కావాలి. ఆ పొడిగింపు ఖర్చు ఎవరూ ఇక్కడ పెట్టలేదు, అందుకే నేను మూసేయడంవైపే.

ఎనిమిది_గొట్టాలు:
అది న్యాయమైన ప్రశ్న. నాదొక్క దిద్దుబాటు: ప్రాస్పెరో దెబ్బతినకుండా చేరిందని అనుకునేవాళ్లున్నారు. విడిపోయాక కూడా మూడో దశ మోటారు వాక్స్‌వింగ్‌లో మిగిలిన తోపు ఆగక, అది వెనకనుంచి వచ్చి ఉపగ్రహాన్ని గుద్దింది, ఒక యాంటెన్నా దెబ్బతింది. టేపు రికార్డరు 1973లో ఆగినా, 1996 వరకు దాన్ని ఏటా పలకరిస్తూనే వచ్చారు. ఉపగ్రహం ఇంకా తిరుగుతూనే ఉంది.