ప్రతిక్షేపణా, తొలగింపా? తేల్చండి

సుద్దముక్క:
మా తమ్ముడికి రెండు చరరాశుల (ఎక్స్, వై లాంటి విలువ తెలియని రాశుల) సమీకరణాలు చెబుతున్నాను. వాడు ఏ లెక్కయినా ప్రతిక్షేపణ పద్ధతిలోనే, అంటే ఒక సమీకరణంలోంచి ఎక్స్‌నో వైనో తెచ్చి రెండోదాంట్లో పెట్టే చేస్తానంటాడు. సమీకరణాల్ని గుణించి, కూడో తీసేసో ఒక చరరాశిని ఎగరగొట్టే తొలగింపు పద్ధతి ఉండగా అదెందుకని నా వాదన. 7ఎక్స్ + 5వై = 31, 4ఎక్స్ − 3వై = 6 ఇచ్చాను. మొదటి అడుగులోనే ఎక్స్ = (31 − 5వై)/7 అని భిన్నం నెత్తిన పడింది. వాడు మాత్రం పట్టు వదలడు.

భిన్నభయం:
నా ఓటు మీకే. మొదటిదాన్ని 3తో, రెండోదాన్ని 5తో గుణించి కూడితే వైలు కొట్టుకుపోతాయి. 41ఎక్స్ = 123, ఎక్స్ = 3. భిన్నం ఊసే లేదు.

మూడోబెంచీ:
ఒక్క లెక్క చూసి పద్ధతినే తీసిపారేస్తే ఎలా అండీ? 3ఎక్స్ + వై = 10, 5ఎక్స్ − 2వై = 2 తీసుకోండి. వై గుణకం, అంటే వై ముందున్న సంఖ్య, 1. వై = 10 − 3ఎక్స్ అని రెండోదాంట్లో పెడితే 11ఎక్స్ = 22, ఎక్స్ = 2, వై = 4. బ్రాకెట్ మరిచి −20 − 6ఎక్స్ అని రాస్తే ఎక్స్ = −22 వస్తుంది, నాకూ చాలాసార్లు వచ్చింది. అది పద్ధతి తప్పు కాదు.
పైగా ఎక్స్ వర్గం + వై వర్గం = 25, ఎక్స్ + వై = 7 ఇస్తే మీ తొలగింపు ఏం చేస్తుంది?

భిన్నభయం:
వర్గాలొస్తే అది రేఖీయమే (గ్రాఫు గీస్తే సరళరేఖ వచ్చేదే) కాదు, మాట మార్చకండి. నాలుగు చరరాశులిస్తాను, ప్రతిక్షేపించి చూపించండి. కాగితం చాలదు.

లెక్కలపిచ్చి:
ఇద్దరూ ఒకే పని చేస్తూ పేరు కోసం కొట్లాడుకుంటున్నారు. ఆ భిన్నాన్నే రెండోదాంట్లో పెట్టి, అంతా 7తో గుణించండి: 124 − 20వై − 21వై = 42, అంటే 41వై = 82. అక్కడా 41, ఇక్కడా 41! రెండోదాన్ని 7తో, మొదటిదాన్ని 4తో గుణించి ఒకదాంట్లోంచి ఒకటి తీసేసినా ఇదే వస్తుంది. ప్రతిక్షేపణ ముసుగులో జరిగింది తొలగింపే.
ఆ 41 గుణకాల్లోనే ఉంది: 7×(−3) − 5×4 = −41. ఏ దారిన పోయినా దాన్ని తప్పించుకోలేరు. అది సున్నా అయితే మాత్రం రెండు సమీకరణాలకీ గ్రాఫులో వచ్చే గీతలు సమాంతరాలు, లేదా రెండూ ఒకటే గీత. అప్పుడు ఏ పద్ధతీ ఒక్క జవాబు ఇవ్వదు.
నా అలవాటంటారా, గుణకం 1 గానీ −1 గానీ కనిపిస్తే ప్రతిక్షేపణ, లేకపోతే తొలగింపు.

సుద్దముక్క:
41 సంగతి నాకు తట్టనే లేదు, థాంక్స్ అండీ. కానీ వాడిప్పుడు మళ్లీ చేస్తే 31 = 31 అని వచ్చింది. అనంత సాధనలు (లెక్కలేనన్ని జవాబులు) ఉన్నాయంటున్నాడు!

మూడోబెంచీ:
మొదటి సమీకరణంలోంచి తెచ్చిన ఎక్స్‌ని మళ్లీ మొదటిదాంట్లోనే పెట్టేసి ఉంటాడు. రెండోదాంట్లో పెట్టమనండి.