మాస్టర్ ప్లాన్‌లో రిక్రియేషన్ జోన్ అని పడిన ప్లాటుకి ల్యాండ్ యూజ్ మార్పు ఒక్కరికే ఇస్తారా?

హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) బయట, పంచాయతీ లేఅవుట్‌లో 2016లో 200 గజాలు కొన్నాం. రిజిస్ట్రేషన్ అయింది. 2020 అక్టోబర్‌లో వెయ్యి రూపాయలు కట్టి ఎల్ఆర్ఎస్‌కి (అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లని రెగ్యులరైజ్ చేసే స్కీము) అప్లై చేశాను. 2025లో 25 శాతం రాయితీ ఉన్నప్పుడు మిగతాది కట్టేద్దామని చూస్తే, రిజెక్ట్. కారణం: 2031 మాస్టర్ ప్లాన్‌లో (ఏ భూమి దేనికి వాడాలో చెప్పే ప్రభుత్వ ప్లాన్) మా సర్వే నంబరు రిక్రియేషన్ జోన్‌లో, అంటే పార్కులు, ఆటస్థలాల లాంటివాటికి పెట్టిన జోన్‌లో ఉందట. ఆ జోన్‌కి ఎల్ఆర్ఎస్ వర్తించదు. కొనేటప్పుడు ఈసీ (ఆస్తి మీద పాత లావాదేవీలు, అప్పులు చూపే సర్టిఫికెట్) చూశాం గానీ జోన్ చూడాలని తట్టలేదు, అది మా తప్పే.

ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీశాను, అందులోనూ అదే ఉంది. ఆఫీసులో రెండుసార్లు అర్జీ ఇచ్చాను, జవాబు లేదు. రెండు బ్యాంకులు లోన్ ఇవ్వమన్నాయి. విచిత్రం ఏంటంటే, మధ్యలో 30 అడుగుల రోడ్డే. అవతలి వైపు రెసిడెన్షియల్ జోన్, అక్కడ ఇళ్లు లేచాయి. మా వైపు సగం ధరకి కూడా అడిగేవాళ్లు లేరు.

సర్వే నంబరు మొత్తం 4 ఎకరాలు, 60 మంది దాకా ఓనర్లం, చాలామంది ఊళ్లో లేరు.

ఇలాంటి చోట ఒక్క ప్లాటు ఓనరు విడిగా ల్యాండ్ యూజ్ మార్పుకి అప్లై చేసి తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, లేక అందరం కలిసే పెట్టాలా?