ఉప్పు నేలకు ముందు కావలసింది కొత్త వంగడమా, మురుగు కాలువా?

శివారు రైతు:
2025 మేలో కేంద్రం ప్రకటించిన పూసా డీఎస్‌టీ రైస్ 1 గురించి అడుగుతున్నాను. మన మారుటేరు పరిశోధన కేంద్రం వరి వంగడం ఎంటీయూ 1010లో జన్యువును సవరించి, ఉప్పును తట్టుకునేలా చేశామంటున్నారు. మాది కృష్ణా డెల్టా చిట్టచివరి పొలం. వేసవిలో గట్ల మీద ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. నాటిన కొద్ది రోజులకే ఆకుల కొసలు ఎండిపోతున్నాయి. ఆ విత్తనం వస్తే మా కష్టం తీరుతుందా?

వ్యవసాయ విద్యార్థిని:
చాలావరకు తీరుతుందండీ. అందులో సవరించింది డీఎస్‌టీ అనే జన్యువునే. అది పనిచేయకుండా చేస్తే ఆకు మీద పత్రరంధ్రాలు తగ్గుతాయి, నీరు ఆవిరవడం కూడా తగ్గుతుంది. కేరళ పొక్కాలి వరి నుంచి తీసుకున్న సాల్టాల్ అనే జన్యుభాగానిది మరో దారి. అది సోడియాన్ని ఆకుల దాకా పోనివ్వదు.

పొలంగట్టు:
ఆ పొక్కాలి సంగతే చూడండమ్మా. అక్కడి రైతులు మట్టి దిబ్బలు కట్టి, తొలి వానలు ఉప్పును కడిగేశాకే వాటి మీద విత్తుతారు. అంత గట్టి వరికే కడిగిన నేల కావాలి! పైగా వరి నారు దశలోనే కాదు, పూత దశలోనూ ఉప్పుకు లొంగిపోతుంది. సాల్టాల్ ముఖ్యంగా కాపాడేది నారునే. వంగడం ఉప్పును ఓర్చుకుంటుందే తప్ప పొలం నుంచి తీసేయదు. మురుగు కాలువ పూడిపోయి ఉంటే ఆ ఉప్పు పోయే దారేది?

మెట్ట రైతు:
జిప్సం చల్లితే సరిపోతుంది కదా?

పొలంగట్టు:
వద్దండీ, డబ్బు దండగ. జిప్సం కారుచౌడుకు, అంటే క్షార నేలకు మందు. గట్ల మీద తెల్లగా పేరుకుందంటున్నారు కాబట్టి ఇది పాలచౌడులాగే, అంటే ఉప్పు పేరుకున్న లవణ నేలలాగే ఉంది. దీనికి మంచినీళ్లు నిలగట్టి, ఉప్పు కరిగాక బయటికి తీసేయడమే వైద్యం. ముందు మట్టి పరీక్ష చేయించండి. లవణ సూచిక (ఈసీ) 4 దాటి, ఉదజని సూచిక (పీహెచ్) 8.5 లోపు ఉంటే పాలచౌడే.

వ్యవసాయ విద్యార్థిని:
ఒప్పుకుంటాను. కానీ కాలువ పూడిక తీయించడం ఒక్క రైతు చేతిలో ఉందా? విత్తనమైతే ఆయనే ఎంచుకోగలరు. కాలువ బాగయ్యే దాకా ఆయన ఏం తినాలి?

పొలంగట్టు:
అది న్యాయమైన మాట. అందుకే ఈ ఏడాదికి తట్టుకునే రకమే వేయమంటాను. బందరు పరిశోధన కేంద్రం ఎంసీఎం రకాలు ఉన్నాయి. ముదురు నారు నాటండి, కుదురుకు రెండు మొక్కలు ఎక్కువ పెట్టండి, ముందు జీలుగ వేసి కలియదున్నండి. కానీ విత్తనం దొరికింది కదా అని కాలువ పూడిక తీయమని అర్జీ పెట్టడం మానకండి. శివారు రైతు గారూ, మీ పక్కన ఉప్పునీటి రొయ్యల చెరువు ఉందా? ఉంటే దాని నీరు ఏ కాలువలోకి వదులుతున్నారు?