యానిమార్ఫ్స్ నవలలు పదకొండేళ్ల పిల్లకి ఇవ్వచ్చా?

ప్రశ్న (అట్ట_చిరిగిన_పుస్తకం):
క్రిస్ గ్రైన్ బొమ్మలతో 2020 నుంచి వస్తున్న యానిమార్ఫ్స్ పుస్తకాలు మా అమ్మాయి చదివేసింది. ఇప్పుడు అసలు నవలలు కావాలంటోంది. మొత్తం 54 ఉన్నాయట. మొదటి అట్ట మీద చూస్తే పిల్లాడు బల్లిగా మారుతున్న బొమ్మ, లోపలేమో చావులు, చిత్రహింస, యుద్ధ నేరాల విచారణ అంటున్నారు. ఇవన్నీ బాధ్యతగా రాసినవా, ఊరికే భయపెట్టడానికా? ఎక్కడెక్కడ పక్కన కూర్చుని మాట్లాడాలి?

జవాబు (కండ్రోనా):
బాధ్యతగా రాసినవే. జేక్ నాయకుడిగా రేచెల్, టోబియాస్, కాసీ, మార్కో, తర్వాత చేరే యాక్స్ అనే గ్రహాంతర కుర్రాడు జంతువుల రూపంలోకి మారుతూ, మనుషుల్ని లోబరుచుకునే యీర్క్‌లతో పోరాడే కథ ఇది. చివర్లో ఉన్నట్టుండి చీకటి పడే కథ కాదు, మొదటి పుస్తకం నుంచీ అంతే. యీర్క్ అనే జలగలాంటి పురుగు చెవిలోంచి దూరి మెదడుని చుట్టేస్తుంది. ఒంటి మీద అదుపంతా దానిదే, మనిషి మాత్రం లోపల మెలకువగా ఉండి అన్నీ చూస్తుంటాడు. మూడు రోజులకోసారి తన ఆహారమైన కండ్రోనా కిరణాల కోసం అది కొలనులోకి దిగాలి. ఆ కాసేపు బోనుల్లో ఉన్న మనుషుల అరుపులు ఆ పుస్తకంలోనే వినిపిస్తాయి. వేరే రూపంలో రెండు గంటలు దాటితే మళ్లీ మనిషి కాలేరు. టోబియాస్ డేగగా చిక్కుకుపోయేది అక్కడే. మూడో పుస్తకంలో చనిపోవాలనే అనుకుంటాడు.

ఇలాంటి సిరీస్‌లో నేను చూసేది ఒకటే: జరిగింది తర్వాతి పుస్తకానికి గుర్తుందా లేదా. ఇక్కడ తెగిన చెయ్యి రూపం మారితే వచ్చేస్తుంది, పీడకలలు మాత్రం పోవు. ఐదులో శత్రువు మార్కో తల్లి ఒంట్లోనే ఉందని తెలుస్తుంది. ముప్ఫైకి వచ్చేసరికి ఆవిణ్ణి చంపడానికైనా సిద్ధపడతాడు.

మీరు తప్పక పక్కన ఉండాల్సింది 20, 21, 22 దగ్గర. డేవిడ్ అనే కుర్రాడు జట్టులో చేరి ఎదురు తిరుగుతాడు. అతన్ని చంపలేక ఎలుకగా చిక్కుకునేలా చేస్తారు. ఉపాయం కాసీది. అందరిలోకీ మెత్తని మనసు ఆ పిల్లదే. రెండు గంటలు నిండేదాకా రేచెల్, యాక్స్ అక్కడే కాపలా ఉంటారు, వాడు వదిలేయమని వేడుకుంటూనే ఉంటాడు. వేరే దారి లేదు కదా అని పిల్లలు వెంటనే అనేస్తారు. మీరు ఒప్పుకోకండి, ఖండించకండి. ఆ రెండు గంటలు రేచెల్‌ని ఏం చేశాయో అడగండి. 48లో వాడు తిరిగొస్తాడు కాబట్టి ఆ చర్చ వృథా పోదు.

జవాబు (పాత_పేజీలు):
54నీ ఒకే గాటన కట్టకండి. 25 నుంచి 52 దాకా చాలావాటిని రచయిత్రి కె.ఎ. యాపిల్‌గేట్ పేరుతో వేరేవాళ్లు రాశారు. 26, 32 ఆవిడవే, చివరి రెండూ ఆవిడవే. మధ్యలో కొన్ని ఉత్త కాలక్షేపం. 39లో అడవి దున్న రూపాలు మారుస్తుంది, 42లో మార్కో ఒంట్లోకి బుల్లి జీవులు దూరతాయి. వాటివల్ల తర్వాతి కథకి ఒరిగేదేమీ లేదు, వదిలేసినా నష్టం లేదు. అలాగని వేరేవాళ్లు రాసినవన్నీ తేలికని కాదు. 33లో టోబియాస్‌ని యంత్రానికి కట్టి నొప్పి, సుఖం మార్చి మార్చి పెడతారు. అది మీరు ముందు చదివి, అప్పుడు ఇవ్వండి.

నాకు మింగుడుపడనిది ఇంకొకటి. 50లో నడవలేని, చూడలేని పిల్లల్ని యుద్ధంలోకి తీసుకుంటారు. 53లో వాళ్లు చనిపోతారు. జేక్ మీద పడే బరువుగానే చెప్పారు తప్ప, ఆ పిల్లల వైపు నుంచి చోటే ఇవ్వలేదు. డేవిడ్‌కి ఇచ్చినంత శ్రద్ధ వీళ్లకి దక్కలేదు. దీన్ని పరిణతి అని నేననను.

జవాబు (కండ్రోనా):
50 గురించి మీరన్నది నిజమే. పక్కన కూర్చుని మాట్లాడాల్సిన వాటిలో 19 కూడా కలపండి. యీర్క్‌కి సొంతంగా చూపు లేదు, ఇంకో ఒంట్లో దూరితే తప్ప లోకం కనబడదు. ఒక చిన్న పాప ఒంట్లో ఉన్న ఆఫ్ట్రాన్ అనే యీర్క్ ఈ మాటే అడిగితే కాసీ దగ్గర జవాబుండదు. ఆ పాపని వదిలేస్తే తాను జన్మంతా గొంగళిపురుగుగా ఉంటానని ఒప్పందం చేసుకుంటుంది. చివరికి సీతాకోకచిలుకై బయటపడుతుందనుకోండి, అక్కడ రచయిత్రి కాస్త తప్పించుకున్నట్టే.

అట్ట_చిరిగిన_పుస్తకం:
మరి ముగింపు? చివరి రెండూ ఆపేయమంటారా?

జవాబు (పాత_పేజీలు):
ఆపకండి, రెండూ కలిపి ఇవ్వండి. 53లో జేక్ ఆజ్ఞ మీద శత్రువుల అంతరిక్ష నౌకలోని కొలనులో ఉన్న 17,372 యీర్క్‌లని అంతరిక్షంలోకి వదిలేస్తారు. ఒక్కదానికీ ఎదిరించే శక్తి లేదు. సౌప్తిక పర్వంలో అశ్వత్థామ నిద్రలో ఉన్న ఉపపాండవుల్ని చంపడం మన పిల్లలకి తెలిసిన కథే, అక్కణ్ణుంచి మొదలుపెట్టచ్చు. తేడా ఏమిటంటే ఇక్కడ ఆ పని చేసింది మనం ఇన్నాళ్లూ వెనకేసుకొచ్చిన కుర్రాడు. 53 తర్వాత విరామం వస్తే అది గెలుపులాగే మిగిలిపోతుంది. 54లో హేగ్‌లో యీర్క్‌ల సేనాని విస్సర్ మీద విచారణ జరిగేటప్పుడు అవతలి లాయరు ఈ లెక్కే తీసి జేక్‌ని నిలదీస్తాడు.

రేచెల్ చనిపోతుందని మాత్రం ముందే చెప్పేయకండి. మీ అమ్మాయికి ఇష్టమైన పాత్ర రేచెల్ అయితే, 54 పడుకునే వేళ మొదలుపెట్టనివ్వకండి. ఆ చావు మొదట్లోనే వస్తుంది.