చలాన్ ఫైల్ నొక్కారు నాన్న, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న:
అర్జెంటు. నాన్న ఖమ్మంలో ఉంటారు. నిన్న సాయంత్రం వాట్సాప్‌లో ‘ఆర్టీవో చలాన్ డాట్ ఏపీకే’ అని ఒక ఫైల్ వస్తే నొక్కారు. పంపింది తెలియనివాళ్లు కాదు, మా వీధి కిరాణా షాపాయన నంబరే. పైగా బండి మీద నిజంగానే ఒక చలానా ఉంది, అందుకే నమ్మేశారు. ఏదో ఇన్‌స్టాల్ అయిందట, ‘అలో’ అని అడిగినప్పుడల్లా నొక్కారట, తర్వాత ఐకానే కనబడటం లేదట. పొద్దున రెండు ఓటీపీలు వచ్చాయి, మళ్లీ చూస్తే ఒకటి లేదంటున్నారు. ‘నేనెవరికీ ఓటీపీ చెప్పలేదుగా, ఏం కాదులే’ అని ధీమాగా ఉన్నారు. నేను బెంగళూరులో ఉన్నాను. యాప్ తీసేయమంటే సరిపోతుందా?

జవాబు (మొబైల్ రిపేర్ షాపు నడిపే సభ్యుడు):
సరిపోదండీ. వెంటనే అమ్మగారికో పక్కింటివాళ్లకో ఫోన్ చేయండి, నాన్నగారి ఫోన్‌కి మాత్రం వద్దు. ఆయన ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టించి, వైఫై కూడా ఆపించి, సిమ్ బయటికి తీయించండి. ఆ సిమ్‌ని ఇంట్లో ఉన్న ఏ బటన్ ఫోన్‌లోనో వేయమనండి. బ్యాంకువాళ్లతో మాట్లాడటానికి ఆ నంబరు కావాలి.

ఆయన ఓటీపీ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ‘అలో’ నొక్కినప్పుడే ఆ యాప్‌కి ఎస్సెమ్మెస్‌లు చదివే పర్మిషన్ ఇచ్చేసినట్టు. వచ్చిన మెసేజ్ వచ్చినట్టే మోసగాళ్లకి పోతుంది, కొన్ని రకాలైతే ఫోన్‌లోంచి చెరిపేస్తాయి కూడా. మాయమైన ఓటీపీ కథ అదే. సిమ్ మార్చాక ఆ బటన్ ఫోన్ నుంచి ##002# కొట్టించండి. ఆయనకొచ్చే కాల్స్ వేరే నంబరుకి మళ్లేలా కాల్ ఫార్వర్డింగ్ ఏమైనా పెట్టి ఉంటే పోతుంది.

జవాబు (రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి):
బ్యాంకుకి ఫోన్ చేసి ‘కార్డు బ్లాక్ చేయండి’ అని ఊరుకోకండి. యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డు మూడూ ఆపి, అకౌంట్‌లోంచి డబ్బు బయటికి పోకుండా డెబిట్ ఫ్రీజ్ పెట్టమనండి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉంటే వాటి సంగతీ అడగండి. నెట్ బ్యాంకింగ్ చేతికి చిక్కితే డిపాజిట్ మీద ఆన్‌లైన్‌లో లోన్ తీసి, ఆ డబ్బు కూడా లాగేస్తారు.

నంబరు డెబిట్ కార్డు వెనకో పాస్‌బుక్ మీదో చూసి చేయండి. గూగుల్‌లో కస్టమర్ కేర్ అని వెతికితే కనిపించేవాటిలో దొంగ నంబర్లూ ఉంటాయి. ఒక మోసంలోంచి ఇంకో మోసంలో పడతాం.

ప్రశ్న అడిగినవారు:
ఫ్రీజ్ అయింది, థాంక్స్ అండీ. కానీ పెన్షన్ అకౌంట్ వేరే బ్యాంకులో ఉంది, ఆ సంగతి తోచలేదు. అందులోంచి ఇందాకే 9,800 పోయాయి. అదే నంబరుకి లింకై ఉంది.

జవాబు (రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి):
ఆ బ్యాంకుకీ ఇప్పుడే చెప్పండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి. బ్యాంకు పేరు, అకౌంట్ నంబరు, ఎంత పోయింది, ఎన్నింటికి పోయింది, యూపీఐ లావాదేవీకి ఉండే 12 అంకెల నంబరు, ఇవన్నీ కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. ఎందుకింత తొందర అంటే, డబ్బు చేరిన అకౌంట్‌లో ఇంకా ఉంటేనే దాన్ని అక్కడ ఆపగలరు. అక్కడినుంచి నాలుగైదు అకౌంట్లు దాటి ఏటీఎంలో డ్రా చేశాక వెనక్కి రప్పించడం చాలా కష్టం. లైన్ కలవకపోతే ఎదురుచూడకుండా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. ఫోన్‌లో చెప్పినా సరే, వాళ్లిచ్చే నంబరుతో పోర్టల్‌లో వివరాలు పూర్తి చేయాలి.

రేపు బ్రాంచిలో రాతపూర్వకంగా కూడా ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. 2017లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, కస్టమర్ పొరపాటు ఉన్నా, బ్యాంకుకి చెప్పిన తర్వాత పోయిన డబ్బుకి బాధ్యత బ్యాంకుదే. అందుకే ఏ టైముకి చెప్పామన్నది కాగితం మీద ఉండాలి.

జవాబు (ఇంకొక సభ్యుడు):
పెద్దవాళ్లకి స్మార్ట్‌ఫోన్‌లు ఎందుకిస్తారో నాకర్థం కాదు.

జవాబు (మొబైల్ రిపేర్ షాపు నడిపే సభ్యుడు):
పెద్దవాళ్లే కాదు సార్, మా షాపుకి ఇలాంటి ఫోన్‌లు పట్టుకొచ్చేవాళ్లలో బీటెక్ పిల్లలూ ఉంటారు. ఇంట్లో తిడతారని పెద్దాయన దాచి ఉంటే ఈపాటికి రెండో అకౌంట్‌లో ఏమీ మిగిలేది కాదు. చెప్పినందుకు మెచ్చుకోవాలి.

ఇక ఫోన్ సంగతి. రీసెట్ కొట్టే ముందు ఆ వాట్సాప్ మెసేజ్, పంపిన నంబరు, ఫైల్ పేరు కనిపించేలా ఇంకో ఫోన్‌తో ఫొటోలు తీయించండి, పోలీసులు అడుగుతారు. కుటుంబం ఫొటోలు, కాంటాక్టులు కేబుల్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించండి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ జోలికి పోవద్దు. ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్, అంటే ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసి కొత్తదానిలా చేయడం. యాప్‌ని వెతికి తీసేస్తే చాలదా అని మా దగ్గరా అడుగుతారు. డివైజ్ అడ్మిన్ పర్మిషన్ (ఫోన్ మీద పెత్తనం ఇచ్చే అనుమతి) తీసుకున్నవి అన్‌ఇన్‌స్టాల్ కానివ్వవు, ఒకవేళ అయినా లోపల ఇంకేం వదిలాయో తెలీదు. నేనైతే రీసెటే చేస్తాను.

రీసెట్ అయ్యాక సిమ్ వేసి వాట్సాప్ మళ్లీ రిజిస్టర్ చేస్తే, వేరేచోట తెరిచి ఉన్నవి లాగౌట్ అవుతాయి. టూ స్టెప్ వెరిఫికేషన్‌లో పిన్ పెట్టించండి. బ్యాంకు పాస్‌వర్డ్‌లు, యూపీఐ పిన్ కొత్తవి పెట్టాలి. కిరాణా ఆయనకీ చెప్పండి, ఆయన ఫోన్‌లోనూ ఇదే ఉండి ఉంటుంది. మీ నాన్నగారి నంబరు నుంచి కూడా ఈపాటికి చుట్టాలందరికీ ఆ ఫైల్ వెళ్లి ఉండొచ్చు, ఫ్యామిలీ గ్రూపులో ఒక మాట వేయండి.

ప్రశ్న అడిగినవారు:
1930కి చెప్పాం, ఫిర్యాదు నంబరు వచ్చింది. రెండో బ్యాంకూ ఫ్రీజ్ చేసింది. ఇంతకీ ఆ అసలు చలానా ఎలా కట్టాలి? నాన్న ఇప్పుడు ఏ లింకూ ముట్టుకోనంటున్నారు.

జవాబు (రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి):
ముట్టుకోకపోవడమే మంచిది. మీరే మీ కంప్యూటర్‌లో ఈచలాన్ డాట్ పరివాహన్ డాట్ గవ్ డాట్ ఇన్ అని చేత్తో టైప్ చేసి, బండి నంబరు కొట్టి చూడండి. అందులో లేకపోతే తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో ఉంటుంది. చలానా కట్టడానికి ఏ ఫైలూ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు.